తొమ్మిది మెట్ల నిచ్చెన

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు తడుముకోరు. టీచరమ్మ, పోలీసు, డాక్టరు, కలెక్టరు... ఆశకు ఏనాడూ కరువు రాని నేల ఇది. కరువంతా ఆశకూ రేపటికీ నడుమ ఉన్న దారిలోనే. పిల్లల క్షేమం కూడా ఆ దారి మీదే ఆధారపడి ఉంది.

పిల్లల ముందు ఒక నిచ్చెన బొమ్మ పెట్టారు. దానికి తొమ్మిది మెట్లు. నువ్వు ఊహించుకోగలిగినంతలో మంచి బతుకు పై మెట్టు. అన్నిటికన్నా కష్టమైన బతుకు అడుగు మెట్టు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు? ఇంకో నాలుగేళ్లకు ఏ మెట్టు మీద ఉంటావు?

ఈ ప్రశ్నలు అడిగిన అధ్యయనం పేరు ‘యంగ్ లైవ్స్’. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే ఈ అధ్యయనం 2002లో మొదలైంది. భారత్, ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాల్లో 12 వేల మంది పిల్లల బతుకులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మన దేశంలో ఇందుకు ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను. ఇక్కడి మూడు వేల మందిలో రెండు వేల మంది 2001-02 ప్రాంతంలో పుట్టినవాళ్లు, వెయ్యి మంది 1994-95 ప్రాంతంలో పుట్టినవాళ్లు. శ్రీకాకుళం, అనంతపురం, కరీంనగర్ వంటి జిల్లాలతో పాటు పాలమూరు కూడా ఆ జాబితాలో ఉంది. ఆ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచే 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడ్డాయి.

నిచ్చెన ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. మొదటి జవాబు ఈనాటి బతుకు ఎలా ఉందో చెబుతుంది. రెండో జవాబు రేపటి మీద ఆ బిడ్డకు ఉన్న నమ్మకం ఎంతో చెబుతుంది. బరువూ ఎత్తూ కొలిచినట్టే ఈ నమ్మకాన్నీ కొలవాలని పరిశోధకులు అనుకోవడం వెనుక గట్టి కారణమే ఉంది. రేపటి మీద నమ్మకం ఉన్న బిడ్డ ఈరోజు బడికి పోతుంది, పాఠం అర్థం కాకపోతే మళ్లీ అడుగుతుంది, కష్టం వస్తే నలుగురికీ చెప్పుకుంటుంది. ఆ నమ్మకం పోయిన బిడ్డ మాట తగ్గిస్తుంది, తరగతి గదిలో వెనక బెంచీకి జరుగుతుంది, ఒకరోజు బడికి రావడం మానేస్తుంది.

‘మా బతుకు మీకొద్దు బిడ్డా’

పేదింటి పిల్లలకు పెద్ద ఆశలు ఉండవని చాలామంది నమ్మకం. ఈ అధ్యయనం దాన్ని తోసిపుచ్చింది. చదువు రాని తల్లిదండ్రులు కూడా పిల్లలను పై చదువులు చదివించాలనే కోరుకున్నారు. పిల్లలూ అదే కోరుకున్నారు. పాలమూరును ఎరిగినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఈ జిల్లాల్లో ఆశ పుట్టిందే వలసలోంచి. కృష్ణ, తుంగభద్ర రెండూ పారే చోట పొలాలు ఎండాయి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని ఊళ్లకు ఊళ్లు బయలుదేరాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేవారు. బొంబాయి బస్సు ఎక్కినవాళ్లు కొందరు, ఇటుక బట్టీలకు పోయినవాళ్లు మరికొందరు. వెంట పోయిన పిల్లలకు బడి పోయింది. అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు అమ్మానాన్నలు దూరమయ్యారు. శ్రీశైలం జలాశయం నింపినప్పుడు కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగాయి. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు తమ పిల్లలకు ఒక్కటే మాట నూరిపోశారు: మా బతుకు మీకొద్దు బిడ్డా, నీడపట్టున కూసునే నౌకరీ చెయ్యి.

అందుకే ఇక్కడి పిల్లల ఆశలో తన ఒక్కడి గొప్ప కన్నా ఇంటి సంగతే ఎక్కువ. ఇల్లు కట్టాలి, అప్పు తీర్చాలి, అమ్మను కైకిలికి పంపకూడదు, చెల్లెను చదివించాలి. బాగుండటం అంటే ఏమిటని అడిగితే ఇంటిల్లిపాది బాగుండటమనే వీళ్లు చెబుతారు. ఇది ఎంత మంచి గుణమో అంత బరువు కూడా. పన్నెండేళ్ల బిడ్డ ఇంటి అప్పంతా తన చదువు మీదే ఉందనుకుంటే, ఒక్క పరీక్ష తప్పినా ఇల్లు కూలినట్టే ఉంటుంది.

నడిగడ్డలో పువ్వుల కాలం

కృష్ణా తుంగభద్రల నడుమ నేల నడిగడ్డ. గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు, ధరూర్ వైపు పోతే సీడ్ పత్తి చేలు కనిపిస్తాయి. దేశానికి కావలసిన హైబ్రిడ్ పత్తి విత్తనాల్లో పెద్ద భాగం ఇలాంటి చేలలోంచే వెళుతుంది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి.పటేల్ రూపొందించిన ‘హైబ్రిడ్-4’ ప్రపంచంలోనే మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి. ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వునూ మనిషి చెయ్యి ముట్టాల్సిందే. సాయంత్రం ఆడ మొక్కల సాళ్లలో తిరిగి, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలు చూసి, వాటి రేకులూ కేసరాలూ గిల్లాలి. తెల్లారాక మగ మొక్కల పువ్వులు తెంపి వాటి పొడిని ఆ మొగ్గలకు రుద్దాలి. రెండు మూడు నెలలపాటు ఒక్కరోజు కూడా ఆపడానికి లేదు. ఆ నెలలు సరిగ్గా బడి నడిచే నెలలు.

విత్తనం ధర కంపెనీ నిర్ణయిస్తుంది, కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. రైతు ఖర్చులో అన్నిటికన్నా పెద్దది కూలి. ఆ కూలి తగ్గించుకునే చోటు వెతికినప్పుడు చిన్న చేతులు కనిపించాయి, వాటిలోనూ ఆడపిల్లల చేతులు. మొక్క ఎత్తుకు సరిపోతారు, వేళ్లు సన్నగా ఉంటాయి, ఎదురు మాట్లాడరు అన్నారు. సీజన్‌కు ముందే ఇంట్లో అడ్వాన్సు చేరేది.

యంగ్ లైవ్స్ పరిశోధకులు వర్జీనియా మారో, ఉమా వెన్నం కలిసి సీడ్ పత్తి పనికి పోయే పిల్లల మాటలను నమోదు చేసి 2009లో ప్రచురించారు. పిల్లలు చెప్పినది ఒకే రంగులో లేదు. ఎండ, తలనొప్పి, మందు వాసన, బడి పోయిందన్న బాధ ఉన్నాయి. వాటి పక్కనే సంపాదించామన్న తృప్తి, ఇంటికి ఆసరా అయ్యామన్న గర్వం ఉన్నాయి. అసలు కష్టం తిరిగి బడికి వచ్చాక మొదలవుతుంది. రెండు నెలల లెక్కలు, రెండు నెలల ఇంగ్లిషు పోయాక బోర్డు మీద రాసింది కంటికి కనిపిస్తుంది గానీ బుర్రకు ఎక్కదు. ‘నాకు సదువు రాదు’ అన్న మాట అక్కడే పుడుతుంది. పత్తి చేను తీసుకున్న చదువును ఆ బిడ్డ తన తెలివితక్కువతనం ఖాతాలో రాసుకుంటుంది. పిల్లల మనసుకు తగిలే దెబ్బల్లో దీనికన్నా లోతైనది ఇంకోటి లేదు.

ప్రచారాలు, తనిఖీలు, గురుకులాలు పెరిగాక చేలలో చిన్నపిల్లలు తగ్గుతూ వచ్చారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బాలకార్మిక నిషేధ చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అయితే బడి వేళలు కాని వేళల్లో సొంతింటి పనికి సాయపడవచ్చన్న మినహాయింపు ఉంది. సీడ్ పత్తి చేసే చిన్న రైతు కుటుంబంలో ఆ మినహాయింపు ఎంత దూరం సాగుతుందో నడిగడ్డలో అందరికీ తెలుసు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత యాభై శాతం కూడా లేదు. రాష్ట్ర సగటు 66.54 శాతం.

ఆకలి, ఎత్తు, ఆశ

ఆశ మనసులో పుడుతుందంటాం. కానీ దాని వేరు కడుపులో ఉంది. యంగ్ లైవ్స్ పిల్లల వివరాలతో స్టీఫన్ డెర్కన్, అలాన్ సాంచెజ్ చేసిన పరిశోధన 2013లో వచ్చింది. ఏడెనిమిదేళ్ల వయసులో వయసుకు తగ్గ ఎత్తు ఉన్న పిల్లలకు, పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి తమ మీద తమకు గౌరవం, తాము చేయగలమన్న నమ్మకం, చదువు మీద ఆశ ఎక్కువగా కనిపించాయి. ఎత్తు తగ్గడమంటే ఏళ్ల తరబడి తిండి చాలకపోవడం. చాలని తిండి ఎముకలను ఆపినట్టే ఆశనూ ఆపుతుంది.

2002లో తీవ్రమైన కరువు వచ్చింది. ఆ కాలంలో పుట్టి పెరిగిన పసిపిల్లల ఎదుగుదల దెబ్బతింది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో వండి పెట్టే మధ్యాహ్న భోజనం మొదలైంది. బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దాని వెనుక ఉంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫన్ డెర్కన్ ఆ పిల్లలనే గమనించి చూస్తే, కరువు దెబ్బ తిన్న పిల్లలకు బడి అన్నం పెద్ద ఆసరా అయిందని, పోగొట్టుకున్న ఎదుగుదల చాలావరకు తిరిగి వచ్చిందని తేలింది.

కాబట్టి మధ్యాహ్నం బడి వరండాలో కంచాలు పట్టుకుని కూర్చున్న పిల్లల వరుసను చూసినప్పుడు దాన్ని ఒక పథకం అనుకుని వదిలేయకండి. అక్కడ వడ్డించే పప్పూ గుడ్డూ ఆ పిల్లల రేపటి ధైర్యానికి పునాది. బిల్లులు ఆలస్యమై, వంట చేసే ఆడవాళ్లు అప్పు తెచ్చి కుండ ఎక్కించాల్సి వస్తే ఆ నష్టం పిల్లల మీద పడుతుంది.

ఆడపిల్లకు ఆగిపోయే మెట్టు

పన్నెండేళ్ల వయసులో అమ్మాయికీ అబ్బాయికీ ఆశలు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. తేడా మొదట కనిపించేది పెద్దవాళ్ల మాటల్లో. కొడుకు ఎంత వరకు చదవాలి, కూతురు ఎంత వరకు చదవాలి అని యంగ్ లైవ్స్ అడిగినప్పుడు మన దగ్గర తల్లిదండ్రుల జవాబులు వేరయ్యాయి. పిల్లలు అది విన్నారు, గ్రహించారు. పదిహేనేళ్లు వచ్చేసరికి వాళ్ల సొంత ఆశలూ అదే కొలతకు కుదించుకున్నారు. 1994-95 ప్రాంతంలో పుట్టిన పెద్ద వయసు బృందంలోని అమ్మాయిల్లో మూడో వంతుకు పైగా పంతొమ్మిదేళ్లకే పెళ్లి అయింది. ఆ వయసు అబ్బాయిల్లో పెళ్లయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పదిహేనేళ్ల లోపు బడి మానేసిన అమ్మాయికి త్వరగా పెళ్లి అయ్యే ముప్పు ఎక్కువని, బడిలో నిలబడిన అమ్మాయికి ఆ ముప్పు తగ్గుతుందని కూడా ఈ అధ్యయనం చూపింది.

తల్లిదండ్రులను తిట్టడం తేలిక. వాళ్ల భయం అడిగి చూస్తే వేరే సంగతులు బయటపడతాయి. పదో తరగతి ఊళ్లో ఉంటుంది, ఇంటర్ పట్నంలో ఉంటుంది. బస్సు వేళకు రాదు. పొద్దూకాక బిడ్డ ఇల్లు చేరకపోతే ఊరి నోళ్లు ఊరుకోవు. ‘వయసు మీదికొచ్చింది, ఇంకెన్నాళ్లు ఉంచుతరు’ అన్న మాట చాలు. కట్నం ఏటేటా పెరుగుతుందన్న బెంగ ఇంకోటి. ఈ భయాల్లో కొన్నిటికి సర్కారు దగ్గర మందు ఉంది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు హాస్టల్‌తో సహా చదువు ఇచ్చాయి. 2014 అక్టోబరు 2న వచ్చిన కల్యాణలక్ష్మి పెళ్లి సాయానికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఇక మిగిలింది ఆ బస్సు కాలేజీ వేళకు ఊరికి రావడం.

ఇంకో మందు కళ్ల ముందే ఉంది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఎస్తర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. పంచాయతీకి వరుసగా మహిళలే పెద్దలుగా ఉన్న ఊళ్లలో కౌమారంలోని అమ్మాయిలకూ అబ్బాయిలకూ నడుమ ఆశల్లో ఉన్న తేడా 32 శాతం తగ్గింది. తమ ఊళ్లోనే ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని నిర్ణయాలు తీసుకోవడం కళ్లారా చూసినందువల్ల వచ్చిన మార్పు అది. మన పంచాయతీల్లో సగం సీట్లు మహిళలవే. భార్య సర్పంచ్ అయితే పెత్తనం భర్త చేసే ఊళ్లో ఈ మేలు జరగదు. గ్రామసభలో సర్పంచమ్మ స్వయంగా మాట్లాడితే, ఆ మాట వినే ఆడపిల్లలందరికీ అది చదువే.

నల్లమల పిల్లలు, మగ్గం పిల్లలు

నాగర్‌కర్నూల్ జిల్లా అంటే అచ్చంపేట దాటాక వచ్చే నల్లమల కూడా. మన్ననూర్, అమ్రాబాద్ చుట్టూ అడవిలో చెంచుల చిన్న ఊళ్లున్నాయి, వాటిని పెంటలంటారు. చుట్టూ పులుల అభయారణ్యం. తేనె తీసేవాళ్లు, గడ్డలు తవ్వేవాళ్లు, అడవి దారులు కొట్టినపిండి అయినవాళ్లు చెంచులు. వాళ్ల బిడ్డ చదువుకోవాలంటే చాలాసార్లు పెంట వదిలి ఆశ్రమ పాఠశాలకు పోవాలి. అక్కడి పాఠాల్లో అడవి ఉండదు, ఇంటి మాట ఉండదు. పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డ తిరిగి పోవడానికి ఇష్టపడకపోతే దాన్ని చదువు మీద అయిష్టం అనుకుంటాం. ఆ బిడ్డకు చదువూ కావాలి, పెంటా కావాలి. రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నది మనమే.

గద్వాలలో మగ్గం ఇంట ఈ సంకటం ఇంకో తీరుగా ఉంటుంది. నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ విద్య తెలిసిన తండ్రి, కొడుకు మగ్గం ఎక్కకూడదని కోరుకుంటాడు. ఎంత నేసినా గిట్టుబాటు కాని బతుకు నుంచి వచ్చిన కోరిక అది, తప్పు పట్టలేం. కానీ నీడపట్టు నౌకరీ ఒక్కటే బతుకని పదేపదే విన్న పిల్లలకు అమ్మానాన్నలు చేసే పని మీద చిన్నచూపు వస్తుంది. ఆ చిన్నచూపు తిరిగి వాళ్ల మీదికే వస్తుంది. నౌకరీ దొరకని నాడు చేతిలో ఉన్న విద్య కూడా అవమానంగా కనిపిస్తుంది. పిల్లల ఆశ నిలబడాలంటే నేతకు గిట్టుబాటు ధర రావాలి, సేద్యానికి నీళ్లు రావాలి, అడవి మీద చెంచుల హక్కు మిగలాలి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లు చేరిన ఊళ్లలో సొంత పొలం మళ్లీ ఒక దారిగా కనిపించడం మొదలైంది. తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నారంటే బిడ్డ బడిలో ఉన్నట్టే.

గమ్యం, దారి, దమ్ము

అమెరికా మనస్తత్వవేత్త సి.ఆర్.స్నైడర్ 1990ల్లో ఆశ మీద ఒక సిద్ధాంతం చెప్పారు. ఆశకు మూడు భాగాలు. చేరాల్సిన గమ్యం ఒకటి, అక్కడికి పోయే దారులు తెలియడం రెండోది, నడవగలనన్న దమ్ము మూడోది. మూడూ ఉన్న పిల్లలు దెబ్బ తగిలినా తేరుకుంటారు. పాలమూరు పిల్లలకు మొదటిది పుష్కలంగా ఉంది. మూడోది కూడా ఉంది. ఆరు నెలలు అమ్మానాన్నలు లేకుండా చెల్లెను చూసుకుంటూ బడికి పోయే పదేళ్ల పిల్లకు దమ్ము లేదని ఎవరంటారు? లేనిది రెండోది. డాక్టర్ అవుతానన్న తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో, నీట్ అంటే ఏమిటో, సీటు రాకపోతే నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ కోర్సులు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. చాలాచోట్ల బడిలోనూ ఉండరు.

దారి చూపిస్తే ఏం జరుగుతుందో తెలంగాణ కళ్లారా చూసింది. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల చదువు తరవాత వేల పేదిళ్లకు చేరింది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ గురుకులాలను నడిపించిన అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్‌ది గద్వాల జిల్లా అలంపూర్. అదే నడిగడ్డలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. మా ఊరివాళ్లకు చేతకాదన్న మాట ఈ నేల మీద ఎన్నడో ఓడిపోయింది.

ఇప్పుడు దారులు దగ్గరికి కూడా వచ్చాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, ఆ తరవాత గద్వాలకూ వచ్చింది. పదో తరగతి మార్కులతోనే బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువుకు సీటు దొరుకుతుంది, సర్కారు బడి పిల్లలకు అదనపు పాయింట్లు ఉన్నాయి. ఈ సంగతి తెలియని బడి ఒక్కటి కూడా ఉండకూడదు.

దారి ఒక్కటే అని చెప్పడం కూడా ప్రమాదమే. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల జాబితాయే తమ బతుకని నమ్మిన పిల్లలు వాళ్లు. తప్పితే సప్లిమెంటరీ ఉంది, ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది అని ఫలితాలకు ముందే చెప్పిన ఇంట్లో పిల్లలకు ఊపిరి ఆడుతుంది. ఆశకు రెండో దారి చూపించడం ఆశను తగ్గించడం కాదు, బతికించడం.

మనం చేయాల్సినవి

• సీడ్ పత్తి సీజన్‌లో బడికి రాని ప్రతి బిడ్డ ఇంటికీ ఆ వారంలోనే ఎవరో ఒకరు పోవాలి. తిరిగి వచ్చిన పిల్లలకు పోయిన పాఠాలు విడిగా చెప్పాలి. ‘నీకు రాదు’ అన్న మాట ఏ టీచరూ అనకూడదు.

• విత్తన కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలికి సరిపడే లెక్క ఉండాలి. అది లేకుండా ఎన్ని బోర్డులు పెట్టినా చేనులోకి పిల్లలు వస్తూనే ఉంటారు.

• వలస పోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు వలసకు ముందే తెరవాలి.

• ప్రతి హైస్కూల్‌కు ఆ బడిలో చదివి ఎదిగిన నర్సు, కానిస్టేబుల్, ఇంజినీరు, రైతు ఏడాదికి రెండుసార్లైనా వచ్చి ఎలా చదివారో, ఎక్కడ తప్పారో, డబ్బు ఎలా సర్దుకున్నారో పిల్లలకు చెప్పాలి.

• బిడ్డ దిగులుగా ఉంటే గద్దించకుండా వినండి. మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416కు, పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ కొత్త చట్టం అడగదు. బడి, పంచాయతీ, కంపెనీ, ఇల్లు తమ పని తాము చేస్తే చాలు. పాలమూరు తల్లిదండ్రులు దేశమంతటా ఆనకట్టలు కట్టి ఇతరుల పొలాలకు నీళ్లిచ్చారు. వాళ్ల పిల్లలకు పదో తరగతి తరవాత పోయే దారి కట్టివ్వడం ఈ సమాజానికి భారమేమీ కాదు. ఎన్నో ఏళ్లుగా మిగిలిపోయిన బాకీ అది. వచ్చే జూన్‌లో బడి గంట కొట్టకముందే తీర్చడం మొదలుపెడదాం.